సిరోంచ ఆన్‌లైన్ సెంటర్లు: సాత్‌బారా తీసిస్తారు, చదివి చెప్పరు

మహారాష్ట్రలో భూమి రికార్డును, అంటే సాత్‌బారాను (7/12), ఎవరైనా పైసా కట్టకుండా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. కానీ అసలు రికార్డు మరాఠీలో ఉంటుంది. అందుకే సిరోంచ తాలూకాలో తెలుగు రైతు ఆ రికార్డు కోసం ఎక్కువగా ఆన్‌లైన్ సెంటర్ గడపే ఎక్కుతాడు. ఈ సెంటర్లకు కాగితం తీసివ్వడంలో ఐదుకు నాలుగు మార్కులు, చదివి చెప్పడంలో రెండు.

తీసే పని చకచకా అయిపోతుంది. నాగపూర్ విభాగం, గడ్చిరోలి జిల్లా, సిరోంచ తాలూకా, ఊరు, సర్వే నంబరు కొడితే చాలు. పేరుతో వెతికితేనే చిక్కు. అక్కడ సొంత పేరు ముందు, తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర ఉంటుంది. మన వరసలో ఇంటిపేరు ముందు కొడితే ఏమీ దొరకదు. పైగా మల్లయ్య ఒకచోట ‘మల్లయ్యా’, ఇంకోచోట ‘మలయా’ అయి ఉంటాడు. పాత కాగితం ఒకటి వెంట తీసుకుపోండి, నంబరుతోనే వెతకమనండి.

ఉచితంగా కనబడేది చూసుకోవడానికి మాత్రమే. బ్యాంకుకు డిజిటల్ సంతకం ఉన్న ప్రతి కావాలి, దాని సర్కారు ఫీజు 15 రూపాయలు. సెంటర్ కూలి వేరే, అది ముందే అడగండి. కొన్నిచోట్ల ఉచిత ప్రతినే ప్రింటు కొట్టి చేతిలో పెడుతున్నారు, ఇది తప్పు. క్యూఆర్ కోడ్ ఉందో లేదో అక్కడే చూసుకోండి. డబ్బు కట్టి కాగితం రాకపోతే మళ్ళీ కట్టే ముందు పేమెంట్ హిస్టరీ చూడమనండి.

అసలు నష్టం విస్తీర్ణం గడిలో జరుగుతోంది. అక్కడ 0.81.00 అని ఉంటే 81 సెంట్లు అనుకుంటారు, సెంటర్‌లోనూ అలాగే చెప్పేస్తారు. అది 81 ఆర్‌లు, అంటే రెండెకరాలు. మొదటి అంకె హెక్టార్లు, రెండోది ఆర్‌లు, మూడోది చదరపు మీటర్లు. ఒక ఆర్ దాదాపు రెండున్నర సెంట్లు, ఒక గుంట కన్నా కాస్త తక్కువ. 1.21.40 కనబడితే మూడెకరాలు. ఈ ఒక్క లెక్క తప్పితే కౌలు, పంపకం, బేరం అన్నీ తప్పుతాయి. పోట్‌ఖరాబ్ అని విడిగా రాసింది సాగుకు పనికిరాని భాగం, దాన్ని సాగు భూమిలో కలపొద్దు.

ఇతర హక్కుల గడి కూడా చదివించుకోండి. అప్పు తీరినా బ్యాంకు బోజా (అప్పు నమోదు) దానంతట అది పోదు. బాకీ లేదన్న కాగితంతో తలాఠీ (ఊరి రెవెన్యూ అధికారి) దగ్గర ఫేర్‌ఫార్, అంటే రికార్డులో మార్పు, చేయించాలి. పేరు బ్రాకెట్‌లో ఉంటే అది తీసేసిన పేరు. భోగవటాదార్ వర్గ్-2 (రెండో తరగతి హక్కుదారు) అని ఉంటే సర్కారు అనుమతి లేకుండా అమ్మకం కుదరదు, అడ్వాన్సు ఇచ్చే ముందే ఈ గడి చూడాలి.

సాత్‌బారాలో పంటలు రాసే భాగమైన బారా నమూనాలో పంట గడి ఖాళీగా ఉంటే ఈ-పీక్ పాహణీ (ఫోన్‌లో పంట నమోదు) చేయలేదన్నమాట. 2021 నుంచి ఆ పని రైతే ఫోన్‌లో చేసుకోవాలి, చేలో నిలబడి ఫోటో తీయాలి. గడువు దాటాక సెంటర్ ఏమీ చేయలేదు. సర్కారు కొనుగోలులో వడ్లు అమ్మబోయినప్పుడు ఆ ఖాళీ గడి అడ్డం పడుతుంది. నాట్లు అయిన వెంటనే ఈ మాట గుర్తుచేసే సెంటర్ దొరికితే వదులుకోకండి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ‘ఆపలీ చావడీ’ అనే సర్కారు వెబ్ పేజీని ఎవరూ తెరవకపోవడం. ఊళ్ళో ఏ భూమికి ఫేర్‌ఫార్ నోటీసు పడిందో అక్కడ ఉచితంగా కనబడుతుంది. అభ్యంతరం చెప్పడానికి 15 రోజులే గడువు. అన్నదమ్ముల్లో ఒకరు మిగతావారికి తెలియకుండా పేరు మార్పించుకుంటుంటే పట్టుకునే చోటు అదే. సాత్‌బారా తీసిన ప్రతిసారీ, పైసలు ఇచ్చే ముందే, మన ఊరి చావడీ కూడా తెరిచి సర్వే నంబరు చూపించమని అడగండి. రెండు నిమిషాల పని.