టేకా, వాల్‌నట్టా? పాత డ్రెస్సర్ కొనేముందు సొరుగు లాగి చూడండి

మా ఆడపడుచు న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుంది. పడగ్గదిలోకి పాతకాలం డ్రెస్సర్, అంటే బట్టలు పెట్టుకునే సొరుగుల పెట్టె, ఒకటి కావాలని వెతికి వెతికి నాకు రెండు ఫొటోలు పంపింది. ఒకటి డెన్మార్క్‌లో చేసిన టేకుది, రెండోది అమెరికాలోనే వాల్‌నట్ (అక్రోటు చెట్టు) చెక్కతో చేసినది, రెండూ 1960ల నాటివే. "ఇది టేకు కదా వదినా, కళ్ళు మూసుకుని కొనేయనా?" అంది. కళ్ళు మూసుకుని మాత్రం వద్దన్నాను, ఎందుకంటే అలా కొన్నదాన్ని నేను.

మనకి టేకు అంటే ఒక నమ్మకం. బర్మా టేకు గుమ్మాలు, ఆదిలాబాద్ టేకు మంచాలు చూస్తూ పెరిగినవాళ్ళం, టేకు అనగానే లోపలిదాకా చేవ ఉన్న ఒకే చెక్క అనుకుంటాం. డేనిష్ డ్రెస్సర్లు చాలావరకు అలా ఉండవు. కాళ్ళు, అంచులు, సొరుగు పట్టుకుని లాగేచోటు లోపలిదాకా టేకే ఉంటుంది, పైపలక, పక్కపలకలు మాత్రం వేరే చెక్క మీద అంటించిన వెనీర్ అనే పల్చటి టేకు పొర, చాలావాటిలో మిల్లీమీటరు లోపే. ఇందులో మోసమేం లేదు. మంచి గీతలున్న దుంగని పల్చటి పొరలుగా తీసి వరసలో పరిస్తే నాలుగు సొరుగుల మీదుగా ఒకే గీత నీటి అలలా సాగిపోతుంది. పైగా చలికాలం హీటర్ వేడికి వెడల్పాటి ఒకే చెక్క పలక వంకర తిరిగినట్టు ఇది తిరగదు. కానీ ఆ సంగతి తెలియకే నేను మొదటి డ్రెస్సర్ మీద కాఫీ కప్పు మరక పోగొడదామని చెక్కని అరగదీసే కరెంటు సాండర్ పెట్టాను. రెండు నిమిషాల్లో తేనెరంగు మధ్యలో అరచేయంత పాలిపోయిన మచ్చ తేలింది. టేకు పొర అయిపోయింది, కింద చెక్క బయటపడింది. ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇంతా చెప్పి, డేనిష్ దాని మీద నాకెందుకింత ఇష్టమో కూడా చెప్పాలి. అక్కడి పనితనం వెనక ఒక చదువుంది. కోపెన్‌హాగన్‌లోని రాయల్ అకాడమీలో 1924లో కోరె క్లింట్ ఫర్నిచర్ విభాగం మొదలుపెట్టాడు. అందం సంగతి తర్వాత, ముందు మనిషినీ వస్తువునీ కొలవండి అనేది ఆయన పద్ధతి. ఆయన శిష్యుడు బోర్గె మోగెన్సెన్, గ్రేట మేయర్ అనే డిజైనర్‌తో కలిసి 1950ల్లో అల్మరాల మీద పనిచేసినప్పుడు, చొక్కా మడత పెడితే ఎంతుంటుంది, చెంచాలు ఎంత పొడుగు, మామూలు మనిషికి ఇలాంటివి ఎన్నుంటాయి అని లెక్కలు కట్టి, ఆ లెక్కల్లోంచి సొరుగు వెడల్పు, లోతు నిర్ణయించారు. బట్టల మడతని బట్టి బీరువా కొలతలు పెట్టడమన్న ఆ ఒక్క ఆలోచనకే నేను పడిపోయాను. ఆ కాలపు మంచి డేనిష్ డ్రెస్సర్లలో చాలావాటికి ఇత్తడి పిడులు ఉండవు. సొరుగు అంచునే పెదవిలా చెక్కుతారు, వేలు దానంతటదే అక్కడికి వెళ్తుంది.

ఆడపడుచు చూసిన వాల్‌నట్‌ది బ్రసీలియా. నార్త్ కరోలినాలోని లెనోయిర్ ఊరి బ్రాయ్‌హిల్ కంపెనీ 1962లో ఆ పేరుతో తెచ్చిన ఫర్నిచర్ వరస ఇది. బ్రెజిల్ కొత్త రాజధాని బ్రసీలియా 1960 ఏప్రిల్ 21న ప్రారంభమైంది, అక్కడి అధ్యక్షుడి నివాసం అల్వొరాడా ప్యాలెస్‌కి ఆర్కిటెక్ట్ ఆస్కార్ నీమెయర్ పెట్టిన తెల్లటి విల్లులాంటి స్తంభాలు ప్రపంచమంతా ఫొటోల్లో తిరిగాయి. ఆ వంపులనే ఈ కంపెనీవాళ్ళు సొరుగుల ముందుకి తెచ్చారు, ఇత్తడి రంగు పిడులతో సహా. నీమెయర్ దీన్ని డిజైన్ చేయలేదు, అమ్మేవాళ్ళెవరైనా ఆయన పేరు చెప్తే నమ్మకండి. గది మధ్యలో నిలబడి చూస్తే మాత్రం దీని ముందు టేకుది వెలవెలబోతుంది, అది ఒప్పుకోవాలి. ఇదీ వెనీరే, కాకపోతే అమెరికా నల్ల వాల్‌నట్.

రోజూ వాడేటప్పుడు తేడా తెలిసేది పైపూత దగ్గర. డేనిష్ టేకుకి ఎక్కువగా నూనె పట్టిస్తారు కాబట్టి పొడిబారినా, చిన్న గీత పడినా గుడ్డతో నూనె రాసి చేత్తో మెల్లగా రుద్దుకుంటే మళ్ళీ కళ వస్తుంది, మనమే ఇంట్లో చేసుకోవచ్చు. అమెరికన్ వాటి మీద లాకర్ (lacquer) అనే గట్టి వార్నిష్ లాంటి పూత ఉంటుంది, నీటి చుక్కకి అదే బాగా ఆగుతుంది, కానీ ఒకసారి తెల్లటి మరక దిగిందంటే ఆ పూత తీసి మళ్ళీ కొట్టించాల్సి రావచ్చు, అది మనవల్ల అయ్యే పని కాదు.

అసలు వెనీర్ వద్దు, లోపలిదాకా ఒకే చెక్క కావాలి అనేవాళ్ళకి మూడో దారి ఉంది, అమెరికన్ డిజైనర్ పాల్ మెకాబ్ గీసిన ప్లానర్ గ్రూప్ అనే ఫర్నిచర్ వరస. మసాచుసెట్స్‌లోని వించెండన్‌లో 1964 దాకా తయారైంది, మేపుల్ చెక్క, చిన్న పిడులు, బెంచీ మీద సొరుగుల పెట్టె పెట్టుకునే పద్ధతి. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు కొనుక్కోగలిగేలా చేసినది. చూడ్డానికి సాదాగా ఉంటుంది, పిల్లలున్న ఇంటికి నా ఓటు దీనికే, ఎందుకంటే దీన్ని సాండ్ చేసుకోవచ్చు.

ఏది చూసినా సొరుగు పూర్తిగా బయటికి లాగండి. ముందు పలక, పక్క పలక కలిసేచోట పావురం తోకల్లా విచ్చుకున్న పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగి ఉండాలి, మేకులే కనిపిస్తే ధర తగ్గించమనండి. అడుగు పలక జారిందా, చెక్క పట్టాలు అరిగిపోయాయా చూడండి. సొరుగు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దితే చాలు, అది లోపం కాదు. వెనీర్ అంచుల మీద గోటితో తట్టండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ జిగురు వదిలినట్టే. కంపెనీ ముద్ర చాలాసార్లు సొరుగు లోపలో, వెనకవైపో ఉంటుంది.

ఇంకో మాట, పిల్లలుంటే గోడకి బిగించకుండా ఏదీ వాడొద్దు. అమెరికాలో అమ్మే కొత్త బట్టల డ్రెస్సర్లు ముందుకి పడిపోకుండా ఉండేలా తయారవ్వాలని 2023 సెప్టెంబరు నుంచి నియమం వచ్చింది. ఈ పాతవి దానికి ఎంతో ముందువి. పసివాడు మూడు సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కితే ఏమవుతుందో ఊహించడానికే నాకు భయం.

ఇద్దరే ఉండే ఇల్లు, పట్టుచీరలు పెట్టుకునే పడగ్గది కాబట్టి ఆడపడుచుకి నేను టేకుదే చెప్పాను, వెనీర్ అని తెలుసుకుని మరీ కొనమన్నాను. తనకి మనసు ఇంకా ఆ వంపుల మీదే ఉంది. శనివారం రెండిటి దగ్గరికీ మళ్ళీ వెళ్తోంది, మడత పెట్టిన కంచిపట్టు చీర ఒకటి, కొలతల టేపు, టార్చి బ్యాగులో పెట్టుకుని.