ఇంటికొచ్చి చూసే హాస్పీస్ సేవ: దాదాపు ఏడాది వాడాక

హాస్పీస్ అంటే జబ్బు ఇక నయం కాదని తేలాక, బాధ తగ్గిస్తూ చివరిదాకా చూసుకునే సేవ. అలాంటి సంస్థ మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే నేను చూడమనేది ఒక్కటే. వచ్చే వారం ఏ ఇబ్బంది రావచ్చో ఈ వారమే చెబుతున్నారా, దానికి కావలసిన మందు ముందే ఇంట్లో పెట్టి వెళ్తున్నారా? నర్సు ప్రేమగా మాట్లాడటం, డాక్టరు ఓపిగ్గా వినడం, మంచం, ఆక్సిజన్ మిషన్ టైముకి రావడం, ఇవన్నీ ఉండాల్సినవే. కానీ అర్ధరాత్రి మనిషి నొప్పితో మెలికలు తిరుగుతుంటే పనికొచ్చేది, మూడు రోజుల కిందట ఎవరో ముందుచూపుతో రాసిపెట్టి వెళ్ళిన ఆ నాలుగు లైన్లే.

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకింది. ఇక కీమో వద్దని ఆవిడే తేల్చి చెప్పాక, దాదాపు ఏడాది పాటు ఇంటికొచ్చి చూసే ఒక హాస్పీస్ బృందం చూసుకుంది. పేరు రాయడం లేదు. వాళ్ళ మీద మెప్పు ఎంత ఉందో కోపమూ అంతే ఉంది. పైగా మీకు దొరికే సంస్థ వేరే అయ్యుంటుంది, కాబట్టి పేరు కంటే ఏం చూడాలో తెలిస్తేనే ఉపయోగం.

వీళ్ళకంటే ముందు మరో సంస్థ నుంచి ఒకాయన వచ్చాడు. గంటసేపు మాట్లాడి సంతకాలు ఎక్కడ పెట్టాలో చూపించాడు, ఏయే పరికరాలు ఇస్తారో చదివాడు. అమ్మ పక్క గదిలోనే ఉంది, ఒక్కసారి కూడా ఆ గదిలోకి వెళ్ళలేదు. మేం ఎంచుకున్నవాళ్ళ నర్సు మాత్రం వస్తూనే అమ్మ మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుని, మమ్మల్ని కాదు, అమ్మనే అడిగింది. నొప్పి ఎక్కడ, ఎలా ఉంది, పొడిచినట్టా, మండినట్టా, లోపల ఎవరో పిండినట్టా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది? విరేచనం చివరిసారి ఎప్పుడు అయింది? అన్నిటికంటే ఏమంటే భయంగా ఉందమ్మా? సున్నా నుంచి పది వరకు ఎంత నొప్పి అన్న లెక్క ఆ తర్వాతే. మండే నొప్పి నరాలకి సంబంధించినదైతే దానికి వాడే మందులే వేరని, ఉత్త అంకె చూసి మందు రాయలేమని తర్వాత చెప్పింది. అమ్మ కాలిలో మంటకి వేరే మాత్ర కలిసింది అలాగే.

ఇక మార్ఫిన్, అంటే గట్టి నొప్పికి ఇచ్చే బలమైన మందు. మా పెదనాన్న ఆ పేరు వినగానే "అయితే ఇంకేం లేదన్నమాట" అన్నారు. ఇది ప్రతి ఇంట్లోనూ వచ్చే మాటే, దీన్ని సంస్థ ఎలా ఎదుర్కొంటుందన్నది వాళ్ళ పనితనానికి పెద్ద పరీక్ష. మా డాక్టరు ఆయన్నీ కూర్చోబెట్టి చెప్పారు. నోటి ద్వారా ఇచ్చే మామూలు మార్ఫిన్ పని సుమారు 4 గంటలు. అందుకే నొప్పి వచ్చాక కాకుండా గడియారం చూసి ఇవ్వాలి. నొప్పి పూర్తిగా లేచాక దాన్ని దించడానికి ఎక్కువ మందు కావాలి, ముందే ఆపితే తక్కువతో సరిపోతుంది. ఈ పద్ధతిని వాడుకలోకి తేవడంలో సిసిలీ సాండర్స్ పాత్ర పెద్దది. ఆవిడ ముందు నర్సు, తర్వాత ఆసుపత్రిలో సోషల్ వర్కర్, ఆ తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ మొదలుపెట్టింది ఆవిడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ గడియారం సూత్రం ఉంది. పెదనాన్న మాత్రం ఇదంతా విని నమ్మలేదు. వారం తర్వాత అమ్మ లేచి కూర్చుని ఆయనతో వాదన పెట్టుకున్నాక నమ్మారు.

మార్ఫిన్ విషయంలో నా చిట్కా ఒకటుంది. మొదటి చీటీలో మార్ఫిన్‌తో పాటు విరేచనం మందు కూడా ఉందో లేదో చూడండి. మార్ఫిన్ వల్ల వచ్చే మగత, వాంతి వచ్చినట్టుండటం చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, మందు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. అది తెలిసినవాళ్ళు మొదటి రోజే రాస్తారు, తెలియనివాళ్ళు రోగి అల్లాడాక ఎనిమా ఇస్తారు. మా వాళ్ళు మొదటి రోజే రాశారు. అలాగే మధ్యలో నొప్పి లేస్తే ఇవ్వడానికి అదనపు డోసు ఎంతో కూడా సీసా మీదే రాసి పెట్టారు. సాధారణంగా రోజు మొత్తం డోసులో ఆరో వంతు ఉంటుందట. ఒక నోటు పుస్తకం ఇచ్చి, అదనంగా ఇచ్చిన ప్రతిసారీ టైము రాయమన్నారు. ఎక్కువసార్లు రాయాల్సి వస్తోందంటే అసలు డోసే పెంచాలని అర్థం.

మొదటి నెలలో నర్సు చెప్పిన ఒక మాట మా అమ్మ నడకని కొన్ని నెలలు నిలబెట్టింది. "వెన్నెముకలో గడ్డ ఉంది కాబట్టి చెబుతున్నా. నడుము నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, కాళ్ళు తేలిపోతున్నట్టున్నా, ఒంటికి రాకపోయినా తెల్లారేదాకా ఆగకండి, ఆ నిమిషమే ఫోన్ చేయండి." గడ్డ వెన్నుపామును నొక్కితే అలా అవుతుంది. మనిషి ఇంకా నడుస్తుండగానే వైద్యం మొదలుపెడితే నడక నిలిచే అవకాశం ఎక్కువ, కాళ్ళు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం. ఒక సాయంత్రం బాత్రూమ్ నుంచి వస్తూ అమ్మ "కాళ్ళు నావి కానట్టున్నాయే" అంది. ఫోన్ చేశాం. ఆ రాత్రే స్టెరాయిడ్ మొదలుపెట్టి, పొద్దున్నే రేడియేషన్‌కి పంపారు. హాస్పీస్‌లో చేరితే ఇక ఆసుపత్రి గడప తొక్కనివ్వరని చాలామంది అనుకుంటారు. బాధ తగ్గించే వైద్యమైతే పంపాలి, పంపని సంస్థ దగ్గర చేరకండి. ఎముక నొప్పి కోసం ఇచ్చే రేడియేషన్‌కి రోజుల తరబడి తిరగాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు. 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒకే విడతలో ఇచ్చినా నొప్పి తగ్గడంలో తేడా ఉండదని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. తర్వాత తుంటి నొప్పికి అమ్మకి అలా ఒక్క విడతే ఇచ్చారు.

ఇంతవరకు అంతా మెప్పే. ఇప్పుడు కోపం సంగతి.

మా నర్సు సెలవు పెట్టింది. ఆమె బదులు వచ్చినావిడ చెడ్డమనిషి కాదు, కానీ ఏమీ చదువుకుని రాలేదు. మళ్ళీ మొదటి నుంచి అన్నీ అడిగింది. "నా కథంతా మళ్ళీ చెప్పాలా తల్లీ" అని అమ్మ విసుక్కుంది. అప్పటికి అమ్మకి మింగడం కష్టమవుతోంది కాబట్టి చర్మానికి అతికించే నొప్పి మందు, ఫెంటానిల్ ప్యాచ్‌కి మార్చాలని డాక్టరు రాశారు. ఆవిడ ప్యాచ్ అతికించి, "ఇక మార్ఫిన్ అక్కర్లేదు" అని ఆపించి వెళ్ళిపోయింది. ప్యాచ్ 72 గంటలు పనిచేస్తుంది, నిజమే. కానీ అతికించిన వెంటనే పనిచేయదు, చర్మం లోంచి మందు ఎక్కి నొప్పిని పట్టుకోవడానికి 12 గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. అంతదాకా పాత మందు కొనసాగాలి. అది శనివారం. రాత్రికి అమ్మ పడిన బాధ ఇక్కడ రాయలేను.

ఫోన్ చేస్తే ఎత్తింది నర్సు కాదు, మెసేజీలు రాసుకునే మనిషి. మామూలు రోజుల్లో ఎవరో ఒక నర్సు ఎత్తేది, వారాంతంలో ఆ పని బయటివాళ్ళకి అప్పగించారని మాకు ఎవరూ చెప్పలేదు. "సోమవారం మీ సిస్టర్‌కి తెలియజేస్తాం" అన్నాడు. అక్క గట్టిగా అరిచాక డ్యూటీ నర్సుకి కలిపాడు, ఆవిడ తిరిగి ఫోన్ చేసేసరికి చాలాసేపు అయింది. పాపం ఆవిడకి అమ్మ ఫైలు కనిపించడం లేదు. చివరికి మమ్మల్ని కాపాడింది ఇంట్లో మిగిలిన మార్ఫిన్ సీసా, దాని మీద మా నర్సు ముందే రాసిపెట్టిన అదనపు డోసు. డ్యూటీ నర్సు దాన్నే ఇవ్వమంది.

ఫిర్యాదు చేశాం. సూపర్‌వైజరు ఇంటికొచ్చి, తప్పు తమదేనని ఒప్పుకుని, వారాంతపు డ్యూటీ నర్సు నంబరు నేరుగా ఇచ్చి వెళ్ళాడు. ఫిర్యాదు చేసినవాళ్ళకే ఆ నంబరు దొరకడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీరు సంస్థని ఎంచుకునేటప్పుడు "24 గంటలూ ఫోన్ ఉందా" అని అడగకండి, ఉందనే అంటారు. ఆదివారం తెల్లవారుజామున ఎత్తేది ఎవరు, వాళ్ళు నర్సేనా, రోగి ఫైలు వాళ్ళకి కనిపిస్తుందా, డాక్టరుతో మాట్లాడి అప్పటికప్పుడు డోసు మార్పించగలరా, అవసరమైతే మనిషిని పంపుతారా అని అడగండి. వీలైతే చేరే ముందు ఒక ఆదివారం రాత్రి ఆ నంబరుకి మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి.

ప్యాచ్ గురించి ఇంకో మాట, ఎందుకంటే ఇది కూడా మాకు సెలవు నుంచి తిరిగొచ్చిన మా నర్సే చెప్పింది. దాని మీద వేడి తగలకూడదు. వేడినీళ్ళ బ్యాగు పెట్టినా, జ్వరం ఎక్కువగా వచ్చినా మందు ఒక్కసారిగా ఎక్కువ ఎక్కుతుంది. తీసేసిన ప్యాచ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది, అతుకు లోపలికి వచ్చేలా మడిచి పిల్లలకి అందకుండా పారేయాలి.

కౌన్సిలర్ సేవ ఉందని కాగితాల్లో పెద్దగా రాశారు. వచ్చిన అబ్బాయి ఫారం చూసి ప్రశ్నలు చదివాడు, అమ్మ మర్యాదగా జవాబులు చెప్పి నిద్ర నటించింది. శరీరం, మనసు, బంధాలు, నమ్మకాలు నాలుగూ కలిస్తేనే మనిషి నొప్పి పూర్తవుతుందని సాండర్స్ చెప్పిన మాటని వీళ్ళ బ్రోషర్‌లోనే వేశారు! అమ్మని నిజంగా తొలిచేస్తున్నది అక్కకీ తమ్ముడికీ మాటల్లేకపోవడం. దాన్ని బయటికి లాగింది స్నానం చేయించడానికి వచ్చే సహాయకురాలు, ఏ ఫారమూ లేకుండా. ఆవిడకి ఇచ్చే జీతం ఎంతో గానీ సంస్థలో అసలు విలువ ఆవిడది. పక్క తిప్పడం, కింద దుప్పటి పట్టుకుని ఒరిపిడి లేకుండా జరపడం, మడమలు పరుపుకి ఆనకుండా దిండు పెట్టడం మాకు నేర్పింది ఆవిడే. గాలి పరుపు ఒక్కటే వచ్చి ఉంటే పుండ్లు పడేవి.

చివరి వారాల్లో ముందే చెప్పడం అనేదాని విలువ ఇంకా తెలిసింది. అమ్మ తినడం మానేసినప్పుడు సెలైన్ పెట్టించమని బంధువులందరూ పట్టుబట్టారు. తినక ఒళ్ళు క్షీణించడం లేదని, ఒళ్ళు ముగింపుకి వచ్చింది కాబట్టే ఆకలి పోయిందని డాక్టరు చెప్పారు. ఈ దశలో ఎక్కించిన నీరు కాళ్ళలో వాపుగానో, ఊపిరితిత్తుల్లో చెమ్మగానో చేరొచ్చు. దాని బదులు తడి స్పాంజితో నోరు, పెదాలు తడుపుతూ ఉండమన్నారు. గొంతులో గురగుర శబ్దం వస్తుందని, వినేవాళ్ళకి భయంగా ఉంటుంది గానీ ఆ దశలో మనిషికి అది తెలియకపోవచ్చని, పక్కకి తిప్పి పడుకోబెట్టమని, పైపు పెట్టి లాగడం వల్ల ఇబ్బందే ఎక్కువని, స్రావాలు తగ్గించే ఇంజెక్షన్ ఫ్రిజ్ పక్కన డబ్బాలో ఉందని చెప్పారు. ఊపిరి ఆగి ఆగి వస్తుందని, మోకాళ్ళ దగ్గర చర్మం మచ్చలు మచ్చలుగా రంగు మారుతుందని కూడా. ఇవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం భాష ఘోరం, రాసినవాళ్ళు రోగి పక్కన ఎప్పుడూ కూర్చోలేదనిపించింది. నర్సు నోటితో చెప్పింది కాబట్టి సరిపోయింది.

అన్నీ ఆమె చెప్పిన వరసలోనే జరిగాయి. ఫోన్ చేసిన కాసేపటికే వచ్చింది. ప్యాచ్ తీసింది, యూరిన్ పైపు తీసింది, మిగిలిన మందులు మా ముందే కొలిచి, రాసి, సంతకాలు తీసుకుని తీసుకెళ్ళింది. తర్వాత కొన్ని నెలలపాటు అప్పుడప్పుడూ ఫోన్ చేశారు. తమ్ముడికి నిద్ర పట్టడం లేదంటే ఎవరిని కలవాలో చెప్పారు. ఫారం చదివే అబ్బాయిని మాత్రం పంపలేదు, అందుకు ధన్యవాదాలు.

తొందరగా చేరితే తొందరగా పోతారేమో అని భయపడేవాళ్ళ కోసం ఒక మాట. 2010లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్ళలో కొందరికి మామూలు వైద్యంతో పాటు మొదటి నుంచే ఉపశమన వైద్యం, అంటే బాధ తగ్గించే వైద్యం, కూడా ఇచ్చారు. వాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, మామూలు వైద్యం ఒక్కటే తీసుకున్నవాళ్ళది 8.9 నెలలు. అది హాస్పీస్ కాదు, దానికి ముందు మెట్టు, ప్రతి జబ్బుకీ ఈ లెక్క వర్తించదు. కానీ నొప్పి తగ్గిస్తే మనిషి ముందే పోతాడన్న భయానికి ఇది గట్టి జవాబే.

మార్కులు వేయమంటే మా నర్సుకి, సహాయకురాలికి, డాక్టరుకి అయిదుకి అయిదు. వారాంతపు ఏర్పాటుకి ఒకటి, అదీ తర్వాత సరిదిద్దారు కాబట్టి. మళ్ళీ ఇంట్లో అవసరమొస్తే వీళ్ళనే పిలుస్తాను, కానీ రెండు షరతులు ముందే కాగితం మీద రాయించుకుంటాను. బదులు వచ్చే నర్సు, అసలు నర్సు ఉండగానే ఒకసారి ఆమెతో కలిసి ఇంటికి రావాలి. మందు మార్చిన ప్రతిసారీ పాతది ఎప్పుడు ఆపాలో, కొత్తది ఎప్పటికి పనిచేస్తుందో, ఈ మధ్యలో నొప్పి లేస్తే ఏం ఇవ్వాలో మా నోటు పుస్తకంలో రాసి సంతకం పెట్టాకే గుమ్మం దాటాలి.