తిరుపతిలో సెకండ్ హ్యాండ్ మాక్రో లెన్స్ కొంటున్నారా? టార్చ్ వేసి చూడందే డబ్బులు ఇవ్వకండి

ఫిబ్రవరిలో తిరుపతిలోని ఒక కెమెరా షాపులో 100 ఎంఎం మాక్రో లెన్స్ (చిన్న చిన్న వాటిని బాగా దగ్గరగా తీసే లెన్స్) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 19,500 రూపాయలు. లెన్స్ లోపల ఫంగస్ (బూజు) ఉంది. ఆ సంగతి నాకు మే నెలలో గానీ తెలియలేదు. షాపాయన డబ్బులు తిరిగి ఇచ్చేది లేదన్నాడు. ఫిర్యాదు చేస్తున్నాను కాబట్టి షాపు పేరు ఇక్కడ పెట్టడం లేదు. కానీ నేను చూసుకోకుండా వదిలేసినవి ఏమిటో మీకు తెలియాలి.

నేను తీసే ఫొటోల గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నష్టం అక్కడే జరిగింది. నాకు చెట్టు మొత్తం, కొండ మొత్తం తీయడం మీద ఇష్టం లేదు. ఎర్రచందనం బెరడు దగ్గరగా చూడండి, మొసలి చర్మంలా చిన్న చిన్న పలకలుగా పగిలి ఉంటుంది. మా పిన్ని వాళ్ళ పొలం గట్టున పెంచిన చెట్లున్నాయి, వాన పడితే చాలు అక్కడికి వెళ్ళిపోతాను. తలకోన దారిలో బండల మీద మచ్చలుగా పట్టే రాతిపువ్వు, స్వర్ణముఖి ఇసుకలో గాలి గీసిన గీతలు, ఇవే నా ఫొటోలు. చూసేవాళ్ళకు అది చెట్టో రాయో వెంటనే తెలియదు. రంగు, గీత, నీడ మాత్రమే కనబడతాయి.

షాపులో కుర్రాడు లెన్స్‌ను ట్యూబ్‌లైట్ కేసి ఎత్తి చూపించాడు. "చూడక్కా, ఎంత క్లీన్‌గా ఉందో. స్టూడియో వాళ్ళది, మొన్ననే సర్వీస్ అయింది" అన్నాడు. అద్దం మీద ఒక్క గీత లేదు. నా కెమెరాకు తగిలించి గోడ మీది క్యాలెండర్ తీశాను, అంకెలు చక్కగా వచ్చాయి. అంతే, డబ్బులు ఇచ్చేశాను. మొదటి మూడు నెలలు ఇంటి పెరట్లో పురుగుల్ని, పూలను ఫ్లాష్ వేసి తీశాను. ఏ తేడా కనబడలేదు.

మేలో పులికాట్ వెళ్ళాను. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పక్కన ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయి బురద పగులుతుంది. ఎండే కొద్దీ బురద ముడుచుకుంటుంది, అందుకే ఆ పగుళ్ళు ఐదు మూలలు, ఆరు మూలల పలకలుగా వస్తాయి. అంచుల్లో తెల్లగా ఉప్పు. పొద్దున్నే సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఒక్కో పగులులో నల్లటి నీడ పడుతుంది. ఆ అరగంట కోసం రాత్రి మూడు గంటలకు బయల్దేరాను. పగుళ్ళ లోతంతా స్పష్టంగా రావాలని ఎఫ్ 16 పెట్టి, అంటే లెన్స్ లోపలి రంధ్రాన్ని (అపెర్చర్) బాగా చిన్నది చేసి తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే నీడలన్నీ బూడిద రంగు. ఉప్పు తెలుపు పాలిపోయింది. పొగమంచేమో అనుకున్నాను. కానీ అదే చోట, అదే నిమిషంలో కెమెరాతో పాటు వచ్చిన పాత కిట్ లెన్స్‌తో తీసిన రెండు ఫొటోల్లో నలుపు నల్లగానే ఉంది.

ఆ రాత్రి గదిలో లైటు ఆర్పి, లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూశాను. వెనక అద్దాల మధ్య సాలెగూడులా తెల్లటి దారాలు. కడుపులో దేవినట్టయింది.

ముఖం ఉన్న ఫొటో అయితే కాంట్రాస్ట్ కొంచెం తగ్గినా కళ్ళు బాగుంటే ఒప్పుకుంటాం. ఇలాంటి ఫొటోలో ముఖం లేదు, నలుపుకూ తెలుపుకూ మధ్య తేడాయే అసలు ఫొటో. ఫంగస్ తినేసేది సరిగ్గా దాన్నే. పక్క నుంచి ఎండ పడ్డప్పుడు ఆ దారాలు వెలుతురును చెదరగొట్టి ఫొటో అంతా పొగ పట్టినట్టు చేస్తాయి.

చెన్నైలో మెకానిక్ విప్పి చూశాడు. శుభ్రం చేయడానికి 6,500 అడిగాడు. "తుడుస్తానమ్మా, కానీ కోటింగ్‌ను అది అప్పటికే తినేసింది, మచ్చ పోదు" అన్నాడు. ఫంగస్ ఆమ్లం వదులుతుంది, అది అద్దం మీది కోటింగ్‌ను, అంటే పలచటి పూతను, కొరికేస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాడు: వెనక స్క్రూల తలలు అరిగి ఉన్నాయి, అంటే ఇంతకుముందే ఎవరో విప్పి పైపైన తుడిచి మూసేశారు. నా లెన్సులన్నీ గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెడతాను. అయినా షాపాయన "మీ ఇంట్లోనే పట్టి ఉంటుంది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండా పోయింది, ఎందుకంటే కొన్న రోజు నేను చూసుకోలేదు.

మీరు వెళ్ళేటప్పుడు మంచి టార్చ్ ఒకటి తీసుకెళ్ళండి. షాపులో చీకటి మూల వెతికి, ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి వేసి, లెన్స్‌ను అటూ ఇటూ తిప్పుతూ చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఫంగస్ అంత సులువుగా కనబడదు. స్క్రూల తలలు చూడండి. డీఎస్ఎల్ఆర్ కెమెరా వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే చోట) చూసి సరిపెట్టుకోవద్దు, మీరు ఎఫ్ 16 పెట్టినా బటన్ నొక్కేదాకా లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది. బయటికొచ్చి ఎండ పక్కగా పడేలా నిలబడి, ఎఫ్ 16లో ఫొటో తీసి, నీడలు ఎంత నల్లగా వచ్చాయో పెద్దది చేసి చూడండి. న్యూస్ పేపర్ గోడకు అంటించి తిన్నగా తీస్తే నాలుగు మూలల్లో అక్షరాలు ఒకేలా ఉండాలి. ఒక పక్క మసకగా ఉంటే అది కింద పడ్డ లెన్స్ అయి ఉండొచ్చు.

లెన్స్ మీద "మాక్రో" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. నాకు మొదట అలాంటి జూమ్ ఒకటి అంటగట్టబోయారు. స్కేలు పెట్టి, ఎంత దగ్గరగా ఫోకస్ అవుతుందో అంత దగ్గరగా తీయండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో అడ్డంగా 36 మిల్లీమీటర్లు, క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాలో 22 నుంచి 24 మిల్లీమీటర్లు మాత్రమే ఫొటోలో పడితే అది నిజమైన ఒకటికి ఒకటి మాక్రో, అంటే వస్తువు అసలు సైజులోనే సెన్సర్ మీద పడుతుంది.

బిల్లు మీద సీరియల్ నంబర్, "ఫంగస్ లేదు" అన్న మాట రాయించుకోండి. నాకిచ్చింది తెల్ల చీటీ, దాని మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర. ఆ ముద్ర చూసి నోరు మూసుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం కూడా తప్పే. కాబట్టి కొన్న మొదటి వారంలోనే ఎండలో, చిన్న అపెర్చర్‌లో పరీక్ష పెట్టేయండి. నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. 5 లక్షల లోపు విలువకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, ఫిర్యాదు రెండేళ్ళలోపు వేయాలి.

మెకానిక్ దగ్గర స్క్రూల ఫొటోలతో రాయించుకున్న కాగితం, తెల్ల చీటీ, పులికాట్‌లో రెండు లెన్సులతో తీసిన ఫొటోలు కలిపి ఈ వారమే ఫిర్యాదు వేస్తున్నాను. లెన్స్ వేరే డబ్బాలో పెట్టాను, మిగతావాటితో కలపొద్దని మెకానిక్ చెప్పాడు. ఈలోగా ఎవరైనా తిరుపతిలో ఇలాంటి లెన్స్ చూసి ఉంటే, డబ్బులు కట్టేముందు నాకొక మాట చెప్పండి, టార్చ్ పట్టుకుని నేను కూడా వస్తాను.