మా ఇంటి నల్లా: నెల రోజులు తాగి రాస్తున్న రివ్యూ

ఫోన్లకి, బిర్యానీలకి అందరూ రివ్యూలు రాస్తరు గానీ ఇంటి ముందు నల్లాకి ఎవరూ రాయరు, అందుకే నేను రాస్తున్న. మాది నల్లగొండ జిల్లా మునుగోడు వైపు ఒక ఊరు, నల్లా ఏమో ఇంటింటికి తాగే నీళ్లిచ్చే తెలంగాణ సర్కారు పథకం మిషన్ భగీరథది. ఈసారి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నెల రోజులు ఊళ్లనే ఉన్న, ఉన్నన్ని రోజులు క్యాన్ ముట్టకుండ నల్లా నీళ్లే తాగాలని ఫిక్స్ అయిన. అమ్మ మొదటి రోజే తిట్టింది, "గా మందు వాసన నీళ్లు బర్లకు, బట్టలకు గానీ మనుషులు తాగుతరా బిడ్డా" అని.

వాసన మాట నిజమే. ఫస్ట్ గ్లాసు ఎత్తగానే ముక్కుకి తగిలింది. కానీ బిందెల పట్టి మూత తీసి గంట సేపు పెడితే చాలావరకు పోతది. అది క్లోరిన్, ఆఖరి ఇంటి నల్లా దాకా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని రూలే ఉంది, కాబట్టి నన్నడిగితే వాసన వచ్చిన రోజు కాదు, అస్సలు రాని రోజే డౌటు పడాలె.

ఇగ క్యాన్ సంగతి. 20 లీటర్లు పది రూపాయలు, నెలకి 300. ఆ ప్లాంటాయన తోడేది మా ఊరి బోరు నీళ్లే. ఆర్వో మిషను మంచిగుంటే ఆ నీళ్లల్ల ఉండే, ఎక్కువైతే ఎముకలు పాడుచేసే ఫ్లోరైడ్ పోతది, నేను కాదనను, కానీ దాంట్ల నీళ్లు వడకట్టే పొర, అదే మెంబ్రేన్, ఎప్పుడు మార్చినవ్ అన్నా అని అడిగితే నవ్వి ఊకున్నడు. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగనీకి పనికిరాదు, ఆ బోర్ల నీళ్లు తాగే మా నాయనమ్మ నడుము వంగిపోయింది. 1996ల ఈ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని నల్లగొండ లోక్‌సభ సీటుకి 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పేపరు పుస్తకం లెక్కుండెనని నాయిన ఇప్పటికీ చెప్తడు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టిన్రు, గర్వపడాల్నో ఏడ్వాల్నో తెల్వదు. ఇన్ని తిప్పలు పడ్డంక కృష్ణా నీళ్లు శుద్ధి చేసి ఇంటి ముందటికి పంపిస్తుంటే వాటితో బర్లను కడిగి, పక్కకే బోరు నీళ్లు కొనుక్కుని తాగుతున్నం!

ప్రెషర్‌కి మార్కులు కట్. కానీ ఇందుల తప్పు మాదే ఎక్కువ. అందరికీ సమానంగా రావాలని ప్రతి నల్లాకి చిన్న వాల్వు బిగిస్తే మా బావ దాన్ని పీకేసిండు, ఎదురింటోళ్లు డైరెక్ట్ మోటారే పెట్టిన్రు, ఇగ వాడ చివర ఇండ్లకి ఏమొస్తయి. సగం పైపులకి మూత కూడా లేదు, నీళ్లు బందయ్యేదాకా మోరీలకు పోతనే ఉంటయి. పైపు కోసం సీసీ రోడ్డు కోసిన కాంట్రాక్టరు మట్టి పోసి పోయిండు, వానపడితే ఇప్పటికీ బండి జారుతది.

రేటు దగ్గరికొస్తే చాలామంది ఫ్రీ అంటరు. ఏం ఫ్రీ? 2015ల చౌటుప్పల్‌ల పైలాన్ వేసి, 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల మొదలుపెట్టిన మిషన్ భగీరథకి 40 వేల కోట్లు దాటిన అంచనా, అందుల చాలావరకు అప్పు. నీతి ఆయోగ్ 19,205 కోట్లు ఇయ్యమని సిఫార్సు చేసినా కేంద్రం ఇయ్యలే. మా ఆఫీసుల కనిగిరి ఫ్రెండ్ ఉన్నడు, అక్కడా ఇదే ఫ్లోరైడ్ కథ, కానీ ఆంధ్రాల పైసలొచ్చేది కేంద్రం ఇంటింటి నల్లా పథకం జల్ జీవన్ మిషన్ కింద, సగం కేంద్రం సగం రాష్ట్రం. 2019 ఆగస్టు 15న అనౌన్స్ చేసి 2024కల్లా ప్రతి ఇంటికి నల్లా అన్నరు, తర్వాత 2028కి జరిపిన్రు. వాళ్ల లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు, మాది 100. నలుగురున్న ఇంటికి 220, 400 అన్నట్టు, కాగితం మీదనైతే మేమే నెగ్గినం.

పైపులకి కోట్లు వస్తయి గానీ నడిపేదానికి ఎవరిస్తరు అన్నదే అసలు ముచ్చట. ఊళ్లె మోటారు కాలినా, వాల్వు లీకైనా పంచాయతీ చూస్కోవాలె. కేంద్రం పైసలు ఎట్ల పంచాల్నో చెప్పే 15వ ఆర్థిక సంఘం లెక్కన 2026 మార్చి దాకా పంచాయతీలకి ఇచ్చిన గ్రాంటుల 30 శాతం నీళ్లకే పెట్టాలని ఉండె, కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా తెలంగాణల సర్పంచులే లేరు, పాలకవర్గం లేకుంటే ఆ గ్రాంటు రాదు. మా వాటర్‌మెన్ ఒక్కడే, తెల్లారి నాలుగింటికి లేచి వాల్వులు తిప్పుతడు, ఫోన్ చేస్తే ఎత్తుతడు. ఆయనకైతే ఐదుకి ఐదు.

నల్లాకి మూడున్నర. నెలంతా తాగిన, కడుపుకి ఏం కాలే. బోరు నీళ్లల్ల పప్పు ఉడకదని అమ్మ పప్పుకి మాత్రం ముందునుంచీ నల్లా నీళ్లే పోస్తదంట, అడిగితే గానీ చెప్పలే. నేను హైదరాబాద్ బస్సెక్కిన రోజు సాయంత్రమే మళ్లీ రెండు క్యాన్లు దింపించుకుంది.