ఆ రెండు అంకెలతో 14 నెలలు: కరెంటు సైకిల్ అనుభవం

పక్షవాతం వచ్చిన కాలికి ప్యాడ్లు అంటించి, వాటి ద్వారా కొద్దిగా కరెంటు ఇచ్చి కండరాల్ని బిగిస్తూ తొక్కించే వ్యాయామ సైకిల్ ఇది. ప్యాడ్లు ఎక్కడ అంటించాలో, ఎంతసేపు తొక్కాలో మీ ఫిజియో చెప్పే ఉంటారు. నేను తెర మీద కనిపించే రెండు అంకెల గురించే చెబుతాను. తొక్కుడులో కుడికాలి వాటా ఎంత, ఎడమకాలి వాటా ఎంత అని చూపిస్తాయే, అవి.

నాకు పక్షవాతం ఎడమవైపు. అది వచ్చిన ఐదో నెలలో సైకిల్ ఎక్కాను. మొదటి రోజు ఎడమ వాటా నూటికి 12. రెండు నెలలకు 38 అయింది. ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. ఇంత మంచి యంత్రం లేదని కనబడినవాళ్లకల్లా చెప్పాను.

ఒకరోజు ఫిజియో మాట్లాడుతూనే కరెంటు తగ్గించుకుంటూ వచ్చి సున్నా చేశారు. ఎడమ వాటా 17కి పడింది. "ఇదీ మీ సొంతం" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. పెడల్ తిరిగే చోటును బట్టి తొడ ముందు కండరాన్నీ, వెనకదాన్నీ, పిరుదునూ వంతులవారీగా యంత్రమే బిగిస్తుందని తెలుసు. తెలిసీ ఆ 38 నాదే అనుకున్నాను. అప్పటినుంచి కరెంటు వచ్చినప్పుడల్లా నేనూ కావాలని తొక్కాలన్నది ఆయన షరతు. ఊరికే కూర్చుంటే కాలు తిరుగుతుంది కానీ, మెదడుకు పని ఉండదట.

తొమ్మిదో నెలలో ఇంకోటి జరిగింది. ఆ రోజు తొడ మీద చురుకు తెలియలేదు. అలవాటైపోయిందిలే అనుకుని పది నిమిషాలు తొక్కాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఏమండీ, ఈ వైరు కింద వేలాడుతోందేంటి?" అంది. తొడ ముందు ప్యాడ్ వైరు! తెర మీద ఎడమ వాటా 29. ఆ 29 చూసి ఏడ్చేశాను, దాచడమెందుకు. వెనక ప్యాడ్లు పనిచేస్తూనే ఉన్నాయని గుర్తొచ్చింది మాత్రం మర్నాడే.

ఇంకో సంగతి కూడా మా ఆవిడే పట్టుకుంది. అంకెలు సమానం చేయాలన్న యావలో నేను కుడికాలు వదులు చేస్తున్నానట. నిజమే. మంచికాలు బద్ధకిస్తే చెడ్డకాలి వాటా దానంతటదే పెరుగుతుంది. అది చూసుకోకుండా పంపిన ఫోటోలు ఎన్నో!

ప్యాడ్ల మీద కోపం వేరే ఉంది. జిగురు ఎండి అంచులు లేస్తే, అంటుకున్న కాస్త చోటే కరెంటంతా దిగి చీమ కుట్టినట్టు మండుతుంది. స్పర్శ బాగా ఉన్నవాళ్లకు ఇది పెద్ద బాధే. పైగా కరెంటుతో బిగిసిన కండరం మామూలుకన్నా త్వరగా అలిసిపోతుంది. ఇరవై నిమిషాలు దాటితే నా వల్ల కాదు.

కొనమంటారా అంటే, నా మాట పట్టుకుని కొనకండి. నాకు పక్కన ఒక మనిషి ఉంది, వారానికోసారి వచ్చి సరిచూసే ఫిజియో ఉన్నారు. పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ వస్తున్నా డాక్టర్ని అడగకుండా ప్యాడ్ అంటించొద్దు. కుర్చీలోంచి లేవడం నాకు తేలికైంది. అది సైకిల్ వల్లో, రోజూ చేసే మిగతా వ్యాయామాల వల్లో విడదీసి చెప్పలేను. పాదం మాత్రం ఇప్పటికీ గడపకు తగులుతోంది. మా సైకిల్‌కు పాదం పైకి లేపే కండరానికి ప్యాడ్ లేదు.

ఇప్పుడు మొదటి పది నిమిషాలు తెర మీద తువ్వాలు కప్పి తొక్కుతున్నాను. తీసేది మా ఆవిడే. నిన్న 33.