తాటిపూడి ఒడ్డున టెంటు బస: దారి సరే, మరుగుదొడ్డి మాటేమిటి?

విశాఖ నుంచి కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సుమారు రెండు గంటల్లో చేరుకోగల తాటిపూడి జలాశయం దగ్గర, ఆనకట్టకు దూరంగా కొండల వైపు ఒడ్డున, స్థానిక యువకులు కొందరు నడుపుతున్న టెంటు బస గురించి ఈ సమీక్ష. అక్కడ బోర్డు లేదు, కరెంటు లేదు, చుట్టుపక్కల కొట్టు కూడా లేదు. మనిషికి 800 రూపాయలు తీసుకుని టెంటు, చాప, రాత్రి భోజనం, చలిమంటకు కట్టెలు ఇస్తారు. ఆ డబ్బుకు గదిలో ఉండే సుఖాలు ఆశించడం న్యాయం కాదు.

తారు రోడ్డు వదిలాక మిగిలినదంతా మట్టిబాటే. గెడ్డ (చిన్న వాగు) దాటేవరకు ఏ బండైనా పోతుంది. ఆ తరువాత వాననీటికి మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలాయి. ట్రాక్టరు చక్రాలు తొక్కిన గాడుల మధ్య మట్టి ఎత్తుగా మిగిలిపోవడంతో, గాడిలోకి దిగిన చిన్న కారు అడుగుభాగం నేలకు రాసుకోక తప్పదు. ఒక పక్క చక్రాలను మధ్య మిట్ట మీదికి, రెండో పక్క చక్రాలను బాట అంచు మీదికి ఎక్కించి, ఫస్టు గేరులోనే నిదానంగా నడిపితే గట్టెక్కవచ్చు. ద్విచక్ర వాహనం మీద వెనక కూర్చున్నవారు మాత్రం దిగి నడవాల్సిందే. ఫోనులో అడిగితే నిర్వాహకులు “ఏ బండైనా వచ్చేస్తాదండి” అంటారు. వానలు పడే రోజుల్లో ఆ మాట నమ్మకుండా బండిని గెడ్డ ఇవతలే ఆపడం మేలు. అయినా ఈ దారిని బాగు చేయమని నేను కోరను. ఆదివారం సాయంత్రం రుషికొండ తీరంలో కనిపించే రద్దీ, పాటల హోరు ఇక్కడిదాకా రాకపోవడం ఆ గాడుల చలవే.

ఆయకట్టుకు నీరు వదిలేకొద్దీ జలాశయం మట్టం తగ్గి, ఒడ్డున నెర్రెలిచ్చిన ఒండ్రు బయటపడుతుంది. పైకి ఎండినట్టు కనిపించే ఆ ఒండ్రు కింద బురదే ఉంటుంది కనుక, టెంట్లను ఎగువన గట్టి మొరం నేల మీద వేయడం సరైన నిర్ణయమే. అయితే వాళ్లిచ్చే సన్నని మేకులు ఆ నేలలో రెండంగుళాలు దిగేసరికి వంగిపోతున్నాయి. రాత్రి కొండగాలి మొదలవగానే టెంటు పైగుడ్డ పటపటా కొట్టుకోవడంతో నిద్ర పట్టదు. తాళ్లను పెద్ద రాళ్లకు బిగించి కట్టుకున్నాకే మాకు కొంత ఊరట కలిగింది. చేపల పులుసు, వేడన్నం చాలా బాగున్నాయి. శాకాహారులకు పప్పుతో సరి.

నా అసలు అభ్యంతరం మరుగుదొడ్డి గురించి. అక్కడ అలాంటిదేదీ లేదు. “తుప్పల్లోకి వెళ్లండి” అని చేత్తో చూపించిన చోటు నీటి అంచుకు ఇరవై అడుగులైనా లేదు. 1963–68 మధ్య గోస్తనీ నది మీద కట్టిన ఈ జలాశయం పొలాలకే కాదు, విశాఖ నగరానికి కూడా తాగునీరు ఇస్తోంది. శుద్ధి చేశాకే పంపుతారన్నది నిజమే గానీ, మన కుళాయికి వచ్చే నీటి ఒడ్డునే మలవిసర్జన చేయడానికీ, సబ్బుతో గిన్నెలు తోమడానికీ అది సాకు కాకూడదు. వసతులు లేని చోట బస చేసేవారు నీటికి కనీసం 200 అడుగుల దూరంలో, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతున గొయ్యి తీసి, పని అయ్యాక మట్టితో పూడ్చాలన్నది ప్రపంచమంతటా పాటిస్తున్న పద్ధతి. దీనికి కావలసింది ఒక గునపం, ఒక పార, అడ్డంగా కట్టడానికి ఒక టార్పాలిన్ పట్టా మాత్రమే. దారి బాగోలేదన్న కారణం దీనికి వర్తించదు.

ఈ సంగతి చెప్పినప్పుడు నిర్వాహకులు చిన్నబుచ్చుకోకుండా విన్నారు, ఎగువన చోటు చూసి మరుగు కట్టిస్తామన్నారు. అది కట్టేదాకా నా లెక్కలో ఈ బసకు ఐదుకు మూడు నక్షత్రాలే. ఈలోగా వెళ్లదలచినవారు ఇంటి నుంచి పార, పొడవాటి ఇనుప మేకులు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి వెంట తీసుకువెళ్లగలరు.