నార్తర్న్ డ్యాన్సర్ స్టడ్ సేవ: పది వేల డాలర్ల నుంచి పది లక్షల డాలర్ల దాకా

థరోబ్రెడ్ అనే పందెపు జాతి మగ గుర్రం పందేల నుంచి తప్పుకున్న తర్వాత ఆడ గుర్రాలను దాటే పనిని, అంటే స్టడ్‌ను, ఒక సేవగానే చూడాలి. దానికి ఫీజు ఉంటుంది, షరతులు ఉంటాయి, ఋతువు ఉంటుంది. డబ్బు కట్టిన వ్యక్తికి ఫలితం మాత్రం మూడు నాలుగేళ్లు ఆగితే గాని తెలియదు, ఎందుకంటే ఆడ గుర్రం పదకొండు నెలలు మోసి ఈనాలి, పిల్ల పెరగాలి, దానికి జీను అలవాటు చేయాలి, ఆ తర్వాత అది పందెంలో నిలవాలి. కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన పిల్లను థరోబ్రెడ్ వంశావళి గ్రంథంలో నమోదు చేయరు కనుక ఎంతటి గుర్రమైనా తానే స్వయంగా దాటవలసిందే. ఈ కట్టుబాటు వల్లనే మంచి స్టాలియన్ (సంతానోత్పత్తికి వాడే మగ గుర్రం) ఒక ఏడాదిలో ఎన్ని ఆడ గుర్రాలను దాటగలదన్న దానికి హద్దు ఏర్పడుతుంది, ఆ హద్దు నుంచే ధర పుడుతుంది. కెనడాలో పుట్టిన నార్తర్న్ డ్యాన్సర్ 1965 నుంచి 1987 దాకా ఇరవై మూడు ఋతువుల పాటు అందించిన సేవను ఈ లెక్కలోనే పరిశీలించాలని నా ఉద్దేశం. అది ఎప్పుడు తన ధరకు తగింది, ఎప్పుడు తగలేదు, దాని అసలు లాభం ఎవరికి చేరింది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

ముందుగా గుర్రం సంగతి చెప్పాలి. 1961 మే 27న ఆంటారియోలోని ఆషావాలో, యజమాని ఇ.పి. టేలర్ గుర్రాల పెంపక క్షేత్రంలో పుట్టింది. తండ్రి నియార్క్టిక్, తల్లి నటాల్మా. మోకాలి గాయంతో పందేలు ఆగిపోయిన నటాల్మాను ఆ ఋతువు చివర్లో దాటించారు గనుక పిల్ల ఆలస్యంగా పుట్టింది. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు దీనికి టేలర్ నిర్ణయించిన ధర 25 వేల డాలర్లు. పొట్టిగా, గుండ్రంగా ఉందన్న కారణంతో ఎవరూ ముందుకు రాలేదు. పూర్తిగా ఎదిగిన తర్వాత కూడా మూపు దగ్గర దాని ఎత్తు ఐదడుగుల రెండంగుళాలకు మించలేదు. కొనేవారు లేక యజమాని దగ్గరే మిగిలిపోయిన ఈ గుర్రాన్ని హొరేషియో లూరో శిక్షణలో పెట్టారు.

1964లో ఫ్లమింగో స్టేక్స్, ఫ్లోరిడా డర్బీ, బ్లూ గ్రాస్ స్టేక్స్ గెలిచి, అమెరికాలో మూడేళ్ల గుర్రాలకు జరిగే కెంటకీ డర్బీకి వచ్చింది. అంతకు ముందు దీనిపై స్వారీ చేసిన బిల్ షూమేకర్ డర్బీకి హిల్ రైజ్‌ను ఎంచుకోవడంతో బిల్ హార్టాక్ ఎక్కాడు. పది ఫర్లాంగుల (ఫర్లాంగు అంటే మైలులో ఎనిమిదో వంతు) పందేన్ని సరిగ్గా రెండు నిమిషాల్లో ముగించి, హిల్ రైజ్‌ను మెడ తేడాతో ఓడించింది. కెనడాలో పుట్టిన గుర్రం ఆ డర్బీని గెలవడం అదే మొదలు. ఆ కాలం 1973లో సెక్రటేరియట్ వచ్చేదాకా రికార్డుగా నిలిచింది. ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గమనించాలి: ఉత్తరార్ధగోళంలో అన్ని థరోబ్రెడ్‌ల వయసునూ జనవరి ఒకటి నుంచే లెక్కిస్తారు కాబట్టి, మే 2న జరిగిన ఆ పందెం నాటికి ఈ గుర్రానికి వాస్తవంగా మూడేళ్లు నిండలేదు. తనకంటే నెలల కొద్దీ ముందు పుట్టిన గుర్రాలతో పోటీపడి అది ఆ రికార్డు పెట్టింది. ఆ తర్వాత ప్రీక్‌నెస్ గెలిచింది, పన్నెండు ఫర్లాంగుల బెల్మాంట్‌లో మూడవ స్థానంలో నిలిచింది, స్వదేశానికి తిరిగి వచ్చి క్వీన్స్ ప్లేట్‌ను సునాయాసంగా గెలిచింది. కాలి స్నాయువు దెబ్బతినడంతో అక్కడితో పందేలు ముగిశాయి. పద్దెనిమిది పరుగుల్లో పద్నాలుగు విజయాలు, రెండు రెండవ స్థానాలు, రెండు మూడవ స్థానాలు. మొదటి మూడు స్థానాలకు బయట అది ఎన్నడూ ముగించలేదు. పందెపు గుర్రంగా దీన్ని అందరికంటే పైన నిలబెట్టనవసరం లేదు గాని, ఈ నిలకడను మాత్రం పిల్లలు పుచ్చుకున్నాయి.

1965లో ఆషావాలో స్టడ్ సేవ మొదలైనప్పుడు ఫీజు పది వేల డాలర్లు. తొలి ఏటి పిల్లల్లోనే వైస్‌రీగల్ 1968లో కెనడా ఉత్తమ గుర్రంగా ఎంపికైంది. రెండవ ఏటి పిల్లల్లో ఫ్లేమింగ్ పేజ్ ఈనిన నిజిన్‌స్కీ ఉంది. వేరొక పిల్లను చూడడానికి వచ్చిన ఐరిష్ ట్రైనర్ విన్సెంట్ ఓబ్రయన్ కన్ను దీని మీద పడింది. ఆయన సలహా మీద చార్లెస్ ఎంగెల్‌హార్డ్ దీన్ని 84 వేల డాలర్లకు కొన్నాడు. 1970లో అది ఇంగ్లండ్‌లోని ప్రధాన పందేలు టూ థౌజండ్ గినీస్, ఎప్సమ్ డర్బీ, సెయింట్ లెజర్ మూడూ గెలిచింది. 1935లో బహ్రామ్ తర్వాత ఆ మూడు కిరీటాలూ ఒకే గుర్రానికి దక్కడం అదే, మళ్లీ ఇంతవరకు ఏ గుర్రమూ దాన్ని సాధించలేదు. పది వేల ఫీజుకు ఇంతటి ప్రతిఫలం వచ్చిన సందర్భం మరొకటి నాకు కనిపించదు. ఈ తొలి ఋతువుల సేవ గురించి పొగడ్తకు తప్ప మరొక మాటకు చోటు లేదు.

నిజిన్‌స్కీ ఐరోపా కళ్లు తెరిపించింది. 1970లోనే నార్తర్న్ డ్యాన్సర్‌ను 24 లక్షల డాలర్ల విలువ కట్టి, 32 వాటాలుగా విభజించారు. అంతకు ముందే దాన్ని మేరీలాండ్‌లోని చెసపీక్ సిటీకి తరలించారు. అమెరికా మేలుజాతి ఆడ గుర్రాల యజమానులకు అది ఆషావాకంటే దగ్గర. విన్సెంట్ ఓబ్రయన్, రాబర్ట్ శాంగ్‌స్టర్, జాన్ మాగ్నియర్ కలిసి (ఐరిష్ బృందం అంటే వీరే) కెంటకీలోని కీన్‌లాండ్ వేలంలో ఈ గుర్రపు ఏడాది పిల్లలను వరుసగా కొంటూ వచ్చారు. నాలుగు కాళ్లకూ తెల్లటి మచ్చలున్న పొట్టి ఎర్ర గుర్రం ద మిన్‌స్ట్రెల్‌ను రెండు లక్షల డాలర్లకు కొని 1977లో ఎప్సమ్ డర్బీ, ఐరిష్ డర్బీ గెలిచారు. చూపులకు అది ఎవరినీ ఆకట్టుకునే పిల్ల కాదు. ఎత్తు, రంగు, పోలిక చూసి బేరం ఆడేవారు ఈ గుర్రపు సంతానం విషయంలో పదేపదే పొరబడ్డారు. తండ్రిలాగే పొట్టిగా, గట్టిగా ఉన్నవీ గెలిచాయి, నిజిన్‌స్కీలా తల్లి పోలికతో పొడవుగా ఎదిగినవీ గెలిచాయి.

ఇక్కడి నుంచి నా అభిప్రాయం మారుతుంది. 1980ల మొదట్లో అరబ్ షేక్‌లకు, ఐరిష్ బృందానికి మధ్య వేలంపాట పోటీ ముదిరింది. 1981లో, అప్పటికి ఇరవై ఏళ్లున్న ఈ గుర్రానికి నాలుగు కోట్ల డాలర్లు ఇస్తామని వచ్చిన బేరాన్ని వాటాదారులు తోసిపుచ్చారు. 1983 జులైలో కీన్‌లాండ్‌లో దుబాయ్ రాజకుటుంబానికి చెందిన షేక్ మహమ్మద్ నార్తర్న్ డ్యాన్సర్ ఏడాది పిల్ల ఒకదాన్ని కోటీ రెండు లక్షల డాలర్లకు కొన్నారు. స్నాఫీ డ్యాన్సర్ అన్న పేరు పెట్టిన ఆ పిల్ల ఒక్క పందెంలో కూడా పాల్గొనలేదు. సంతానోత్పత్తికి పెడితే అక్కడా విఫలమైంది. మరుసటి ఏడాది నార్తర్న్ డ్యాన్సర్ సంతానంలో పన్నెండు ఏడాది పిల్లలు సగటున 34 లక్షల డాలర్లకు పైగా పలికాయి. ఆ వేడిలో ఒక్క దాటుకు ఐదు లక్షల డాలర్ల నుంచి పది లక్షల డాలర్ల దాకా ఫీజు చేరింది, అది కూడా చూలు నిలుస్తుందన్న హామీ లేకుండా. బతికున్న పిల్ల పుడితేనే ఫీజు కట్టే షరతు వేరొక చోట సర్వసాధారణం కాగా, ఇక్కడ ఇరవై ఏళ్లు దాటిన గుర్రం విషయంలో నష్టభయమంతా ఆడ గుర్రపు యజమాని నెత్తిన పెట్టడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు. ఆ ధర గుర్రం గొప్పతనానికి కట్టిన విలువ కాదు, ఆ రోజు వేలంశాలలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు ధనవంతుల పంతానికి కట్టిన విలువ. దశాబ్దం చివరకు వేలం ధరలు పడిపోయినప్పుడు పది లక్షలు కట్టి పిల్లను తీసుకున్నవారికి ఆ సొమ్ము వెనక్కి రాలేదు.

అయితే ధర తప్పినంత మాత్రాన సేవ నాణ్యత తగ్గలేదని కూడా ఒప్పుకోవాలి. ఆ యేళ్లలోనే, 1984 ఎప్సమ్ డర్బీలో, చివరి అంగల్లో తలపడిన రెండు గుర్రాలూ దీని పిల్లలే. విన్సెంట్ ఓబ్రయన్ శిక్షణలోని ఎల్ గ్రాన్ సెన్యోర్‌ను ఆయన కొడుకు డేవిడ్ శిక్షణలోని సెక్రెటో అతి స్వల్ప తేడాతో ఓడించింది. అదే ఏడాది విన్సెంట్ ఓబ్రయన్ సాలలో ఎల్ గ్రాన్ సెన్యోర్ తర్వాతి స్థానంలో లెక్కకు వచ్చిన మరొక పిల్ల ఉంది, దాని పేరు శాడ్లర్స్ వెల్స్. ఐరిష్ టూ థౌజండ్ గినీస్, ఎక్లిప్స్ గెలిచినా, ఆ రోజుల్లో దాన్ని అందరికంటే మిన్న అని ఎవరూ అనలేదు. ఎల్ గ్రాన్ సెన్యోర్ సంతానోత్పత్తిలో ఇబ్బంది పడింది. శాడ్లర్స్ వెల్స్ ఐర్లండ్‌లోని కూల్‌మోర్‌లో స్టడ్‌కు వెళ్లి, బ్రిటన్, ఐర్లండ్‌ల అగ్ర స్టాలియన్‌గా (ఏడాదిలో సంతానం గెలిచిన బహుమతి సొమ్ము లెక్కన మొదటి స్థానంలో) 1990లో ఒకసారి, ఆపై 1992 నుంచి 2004 దాకా ఏటా, మొత్తం పద్నాలుగు సార్లు నిలిచింది. దాని కొడుకు గెలీలియో ఆ స్థానాన్ని పన్నెండు సార్లు అందుకుంది.

నార్తర్న్ డ్యాన్సర్ సేవలో అసలైన సరుకు ఇదే, కొడుకులు. మొత్తం సంతానం ఆరు వందల పైచిలుకు మాత్రమే, అంటే ఏడాదికి ముప్ఫై లోపు. ఈనాడు పేరున్న స్టాలియన్ ఒక్క ఋతువులోనే నూట యాభై ఆడ గుర్రాలను దాటుతుంటే, ఇది తన జీవితమంతా కలిపి నాలుగైదు ఋతువుల పనంత చేసింది. ఆ కొద్ది సంతానంలో ఇంచుమించు నాలుగింట ఒకటి స్టేక్స్ పందెం, అంటే పెద్ద బహుమతులుండే పై స్థాయి పందెం, గెలిచింది. గెలిచినవాటికంటే ముఖ్యంగా, వాటిలో ఎన్నో తమ చోట తామే వంశకర్తలయ్యాయి. లిఫార్డ్, న్యూరియెవ్ ఫ్రాన్స్‌లో అగ్రస్థానానికి చేరాయి. నార్తర్న్ టేస్ట్‌ను జెన్యా యోషిదా జపాన్‌కు తీసుకువెళ్లగా, అది అక్కడ పదిసార్లు అగ్ర స్టాలియన్ అయింది. ఆ తర్వాత అమెరికా స్టాలియన్ సండే సైలెన్స్ జపాన్‌కు వచ్చినప్పుడు దానికి జతపరచడానికి నార్తర్న్ టేస్ట్ కూతుళ్లు సిద్ధంగా ఉన్నాయి. వైస్ రీజెంట్ కెనడాను, దాని కొడుకు డెప్యుటీ మినిస్టర్ అమెరికాను ఏలాయి. స్టార్మ్ బర్డ్ కొడుకు స్టార్మ్ క్యాట్ కెంటకీలో ఒక దశలో అత్యధిక ఫీజు పలికింది. అన్నింటిలో నాకు ఎక్కువగా ఆలోచన కలిగించేది డాన్‌జిగ్. మోకాళ్ల బాధతో అది పాల్గొన్నవి మూడే పందేలు, మూడూ గెలిచింది, కాని వాటిలో ఒక్కటీ స్టేక్స్ పందెం కాదు. పందెపు చరిత్ర చూసి స్టాలియన్‌ను ఎంచుకునేవారు దాన్ని తాకకూడదు. అయినా 1991 నుంచి 1993 వరకు వరుసగా ఉత్తర అమెరికాలో అగ్రస్థానం దానిదే. దాని కొడుకు డేన్‌హిల్ ఉత్తరార్ధగోళంలో ఒక ఋతువు, దక్షిణార్ధగోళంలో మరొకటి పనిచేస్తూ ఆస్ట్రేలియాలో తొమ్మిది సార్లు అగ్ర స్టాలియన్‌గా నిలిచింది.

కొడుకుల మధ్య స్వభావం ఒకటి కాకపోవడం కూడా ఈ సేవకు బలమే. నిజిన్‌స్కీ, శాడ్లర్స్ వెల్స్ శాఖలు పన్నెండు ఫర్లాంగుల ఓర్పును ఇచ్చాయి, డాన్‌జిగ్ శాఖ ఐదారు ఫర్లాంగుల వేగాన్ని, మైలు పందెపు చురుకును ఇచ్చింది. తల్లి తెచ్చిన గుణాన్ని అణచివేయక దానికి పదును పెట్టే తత్వం తండ్రిది అని నా అంచనా. కోపిష్టి స్వభావం మాత్రం కొందరు పిల్లలకు యథాతథంగా వచ్చింది. వాటిని లొంగదీయడానికి నేర్పరులైన మనుషులు అవసరమయ్యారు.

ఇక లోపం. ఈ సేవ ఎంతగా ఫలించిందంటే, దాన్ని తప్పించుకోవడం ఇప్పుడు పెంపకందారులకు అసాధ్యమైంది. పది వేలకు పైగా గుర్రాల జన్యువులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 97 శాతం వంశావళుల్లో నార్తర్న్ డ్యాన్సర్ పేరు కనిపించింది. గడచిన ఐదు దశాబ్దాల్లో ప్రపంచమంతటా థరోబ్రెడ్‌లలో దగ్గరి రక్తసంబంధం పెరుగుతూ వచ్చిందని కూడా అది చూపింది. దీనికి గుర్రాన్ని నిందించలేము. ఒకే రక్తాన్ని ప్రతి ఖండంలోనూ, ప్రతి ఋతువులోనూ వాడుకున్న మనుషుల తొందరే కారణం. దగ్గరి కలయిక ప్రతిసారీ చేటు చేస్తుందనీ చెప్పలేము. డేన్‌హిల్ వంశావళిలో నటాల్మా తండ్రివైపు, తల్లివైపు రెండింటా మూడవ తరంలోనే ఉంది. గెలీలియోకు డేన్‌హిల్ కూతురి ద్వారా పుట్టి, పద్నాలుగు పందేల్లో ఓటమి ఎరుగని ఫ్రాంకెల్‌కు నార్తర్న్ డ్యాన్సర్ తండ్రివైపు మూడవ తరంలో, తల్లివైపు నాలుగవ తరంలో వస్తుంది. గెలీలియోకు డేన్‌హిల్ కూతుళ్లను జతపరచడం అన్ని విజయాలు ఇవ్వబట్టే పెంపకందారులు మళ్లీ మళ్లీ అదే బాట పట్టారు. అయితే ఆ రెండు రక్తాలూ ఇప్పటికే నిండిన ఆడ గుర్రాన్ని తిరిగి అదే శాఖ స్టాలియన్‌కు పంపడం నేను సమర్థించను.

1987 ఏప్రిల్‌లో ఇరవై ఆరవ ఏట ఈ గుర్రం సేవ నుంచి విరమించింది, 1990 నవంబరు 16న చనిపోయింది. దాని దేహాన్ని పుట్టిన ఆషావాకే తెచ్చి పూడ్చారు. ధరల వారీగా నా తీర్పు ఇది: పది వేల దగ్గర ఈ సేవకు సాటి లేదు, 1970ల మధ్యలో, మంచి ఆడ గుర్రం చేతిలో ఉన్నవారికి, ఎంత పెరిగినా అది తగిన ధరే, హామీ లేని పది లక్షల దగ్గర అది కొనదగినది కాదు. ఈనాడు దీని రక్తాన్ని కోరేవారు శాడ్లర్స్ వెల్స్ శాఖ నుంచి ఓర్పును, డాన్‌జిగ్ శాఖ నుంచి వేగాన్ని తీసుకోవచ్చు గాని, ఫీజు చీటీ మీద సంతకం చేసే ముందు తమ ఆడ గుర్రపు ఐదు తరాల వంశావళిని తెరిచి, అందులో ఈ పేరు ఇప్పటికే ఎన్ని చోట్ల ఉందో లెక్కపెట్టుకోవాలి.